బొగ్గుకి ఫార్ములా ఏది?

నీళ్ల ఫార్ములా అడిగితే ఏడో క్లాస్ పిల్లాడు కూడా టక్కున హెచ్‌టూఓ అంటాడు. ఉప్పుకీ ఉంది, పంచదారకీ ఉంది. మరి బొగ్గుకి? "కార్బనే కదా, సి అంతే" అనేస్తాం. కాదండీ. అందులో కార్బన్‌తో పాటు హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, సల్ఫర్ కూడా అల్లుకుపోయి ఉంటాయి. పైగా ఆ అణువులన్నీ ఒక్క రకం కావు. కోట్ల ఏళ్ల కిందట బురదలో కూరుకుపోయిన చెట్లు, ఆకులు, బెరళ్లు అన్నీ కలిసి ఉడికిన పులుసు అది. పక్కపక్కనే ఉన్న రెండు అణువులు కూడా ఒకేలా ఉండాలని రూలేం లేదు.

అయినా నెట్‌లో వెతికితే బొగ్గు అణువంటూ ఒక బొమ్మ కనిపిస్తుంది. తేనెపట్టు గదుల్లాంటి రింగులు, మధ్యలో చిన్న చిన్న గొలుసులు, అక్కడక్కడా ఓ సల్ఫర్. ఇలాంటి బొమ్మలు 1942 నుంచీ గీస్తూనే ఉన్నారు, ఇప్పటికి 130కి పైగా వచ్చాయి. బాగా పేరున్నది షెవ్రాన్‌లో పనిచేసిన జాన్ షిన్ 1984లో ఇచ్చిన మోడల్. 1970ల చమురు సంక్షోభం తర్వాత అమెరికా బొగ్గుని ద్రవ ఇంధనంగా మార్చే పని మీద పడింది. ఆ ప్రయోగాల్లో బొగ్గు విరిగి ఏ ముక్కలొచ్చాయో చూసి, షిన్ వాటిని వెనక్కి అతికిస్తూ పోయాడు. పగిలిన పెంకులు పేర్చి కుండ ఎలా ఉండేదో చెప్పినట్టు. 661 కార్బన్ పరమాణువులతో పెద్ద బొమ్మే అయింది. తెలివైన పని, సందేహం లేదు. కానీ ఆ బొమ్మని బొగ్గు ఫొటో అనుకుంటేనే చిక్కు.

ఎందుకో చెప్తాను. ఒక పెళ్లికి మీరు వెళ్లలేదు. క్యాటరింగ్ వాళ్ల లెక్క మాత్రం మీ చేతికొచ్చింది. ఎన్ని విస్తళ్లు లేచాయి, ఎంత బియ్యం పట్టింది, ఎన్ని ఐస్‌క్రీములు పోయాయి అన్నీ అందులో ఉన్నాయి. దాన్నిబట్టి ఎంతమంది వచ్చారో, పిల్లలెందరో అంచనా వేయొచ్చు. పెళ్లికొడుకు మేనమామ ఏ బంతిలో కూర్చున్నాడో మాత్రం చెప్పలేరు. బొగ్గు మీద మనకున్న కొలతలన్నీ దాదాపు ఇలాంటివే. ఎన్‌ఎంఆర్ చేస్తే రింగుల్లో ఉన్న కార్బన్ ఎంత శాతమో తెలుస్తుంది. మాస్ స్పెక్ట్రోమెట్రీతో అణువుల బరువులు ఏ శ్రేణిలో ఉన్నాయో తెలుస్తుంది. ఎవరి పక్కన ఎవరున్నారో ఏదీ చెప్పదు.

అందుకే 2012లో ఇల్లినాయ్ నంబర్ 6 అనే అమెరికన్ బొగ్గుకి పెన్ స్టేట్ యూనివర్సిటీలో జొనాథన్ మాథ్యూస్ బృందం కట్టిన మోడల్ నాకు తెగ నచ్చింది. వాళ్లు ఒక్క అణువుని గీయలేదు, గుంపునే కట్టారు. 728 అణువులు, మొత్తం 50,789 పరమాణువులు. తేలికవి 100 డాల్టన్లు, బరువైనవి 2,850 డాల్టన్లు. బొగ్గు సాంద్రతతో నేను లెక్కేస్తే ఇంత పదార్థం సుమారు 8 నానోమీటర్ల పెట్టెలో పట్టేస్తుంది. అలాంటి పెట్టెలు పదివేలు వరసగా పేరిస్తే ఒక వెంట్రుక మందం అవుతుంది.

కట్టిన తీరు ఇంకా బాగుంటుంది. శక్తిమంతమైన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద బొగ్గుని చూస్తే రింగుల పలకలు అంచు మీద నిలబడ్డ కాగితాల్లా సన్నటి గీతలుగా కనిపిస్తాయి. గీత పొడవుని బట్టి పలక ఎంత పెద్దదో చెప్పొచ్చు. ఫ్రింజ్3డి అనే ప్రోగ్రామ్ ఆ గీతల లెక్క తీసుకుని అదే నిష్పత్తిలో పలకలు తయారుచేస్తుంది. తర్వాత స్క్రిప్టులు వాటికి ఆక్సిజన్, నైట్రోజన్, సల్ఫర్ తగిలించి, గొలుసులతో ముడివేస్తాయి. ఆ స్క్రిప్టులు పెర్ల్‌లో రాశారు. (పెర్ల్ పేరెత్తగానే మా ఆఫీసులో సీనియర్ల మొహాల్లో ఒక రకమైన వైరాగ్యం కనిపిస్తుంది. అది వేరే కాలమ్.)

స్క్రిప్టే ఎందుకంటే, చేత్తో కడితే మనిషికి నచ్చిన ఆకారమే వస్తుందని. కెమిస్ట్‌కి అలవాటైన అణువు తెలియకుండానే పదిసార్లు దూరిపోతుంది. మోడల్ తయారయ్యాక దాన్ని కట్టడానికి వాడని కొలతతో పరీక్షించాలి. మేం కోడ్‌కి టెస్టులు రాసినట్టే. పిరిడిన్ అనే ద్రావకంలో ఈ బొగ్గు ఎంత కరుగుతుందో మోడల్ నుంచి లెక్కేస్తే ప్రయోగశాల అంకెతో సరిపోయింది. అయితే టెస్టులన్నీ పాసైన కోడ్ ఒక్కటే ఉండదని మా వాళ్లందరికీ తెలుసు. ఇంకో 728 అణువుల గుంపు కూడా ఇవే పరీక్షలు పాసవ్వొచ్చు.

మరి ఇంత కష్టం దేనికి? సల్ఫర్‌నే తీసుకోండి. ఇల్లినాయ్ బొగ్గులో అది ఎక్కువ. 1990లో ఆమ్లవర్షాల మీద అమెరికా చట్టం బిగించాక ఈ బొగ్గుకి గిరాకీ పడిపోయి గనులు మూతపడ్డాయి. పైరైట్ ఖనిజంగా ఉన్న సల్ఫర్ కడిగితే చాలావరకు పోతుంది. రింగుల్లో ఇరుక్కున్నది ఎంత కడిగినా పోదు. గొలుసుల్లో ఉన్నది వేడికి తేలిగ్గా తెగుతుంది. అంటే ఏ సల్ఫర్ ఎక్కడుందన్నది కూలీ ఉద్యోగం దాకా వచ్చే ప్రశ్న.

గనిలో మీథేన్ కూడా అంతే. అది బొగ్గులోని అతి సన్నటి రంధ్రాల్లో దాక్కుని ఉంటుంది. ఆ రంధ్రాల లెక్క తీసినవాళ్లలో రోజలిండ్ ఫ్రాంక్లిన్ ఒకరు. అవును, డీఎన్‌ఏ ఫ్రాంక్లినే. 1942లో 22 ఏళ్ల వయసులో ఇంగ్లండ్‌లోని బొగ్గు పరిశోధన సంస్థలో చేరి, పెద్ద అణువులు దూరలేని సందుల్లోకి కూడా హీలియం దూరుతుందని కొలిచి చూపించింది. ఇప్పుడు అదే ప్రశ్నని ఇలాంటి మోడల్ పెట్టెల్లో కంప్యూటర్ మీద అడుగుతున్నారు: ఇందులో మీథేన్ ఎంత పడుతుంది, కార్బన్ డయాక్సైడ్ ఎంత పడుతుంది?

ఇల్లినాయ్ వాళ్లకి ఒక అదృష్టం ఉంది. 1980ల్లో ఆర్గాన్ నేషనల్ ల్యాబ్ ఎనిమిది రకాల బొగ్గు తీసి, గాలి తగలకుండా నైట్రోజన్ నింపిన గాజు గొట్టాల్లో సీల్ చేసి అడిగిన ల్యాబులకి పంపింది. అందరూ ఒకే బొగ్గుని కొలిచారు కాబట్టే ఎవరో తీసిన ఎన్‌ఎంఆర్ అంకెనీ, ఇంకెవరో తీసిన సల్ఫర్ అంకెనీ పక్కపక్కన పెట్టి మోడల్ కట్టగలిగారు.

ఈ మోడల్ తెచ్చి మన సింగరేణికి అతికిస్తే కుదరదు. మనది గోండ్వానా బొగ్గు. చెట్లు వేరు, కాలం వేరు, బూడిద చాలా ఎక్కువ. ఈ 50,789 పరమాణువుల్లో బూడిద మిగిల్చే ఖనిజాలు అసలు లేనే లేవు. కొలతల దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. పెర్ల్ స్క్రిప్టులు తిరగరాయడానికి మాత్రం మనవాళ్లకి కొదవేం లేదు.