సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నావా అన్నా? లైట్లు తర్వాత, ముందు బండి కింద చూడు



పోయిన వీడియోలో కూరగాయలు ఎక్కిస్తున్నప్పుడు వెనక నిలబడి ఉన్న తెల్ల పికప్‌ని చూసి చాలామంది ఫోన్లు చేశారు. "అన్నా, ఎంతకి కొన్నావు, ఏమేం చేయించావు?" అని కొందరు. "ప్రకృతి వ్యవసాయం చేస్తా డీజిల్ బండి ఏందన్నా?" అని ఇంకొందరు. ఆ రెండో మాట నాకు కొంచెం గుచ్చుకున్న సంగతి నిజమే. ఇద్దరి కోసం కలిపి ఈ వీడియో చేశాను. బండి కిందికి దూరి చూపించినవన్నీ అందులో ఉన్నాయి. బండి ఎందుకు కొన్నానో, ఎక్కడ తప్పు చేశానో మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

బండి ఎందుకంటే

మాది సూళ్లూరుపేట పక్కన పల్లె. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, ఎవరన్నా అడిగితే ఇప్పటికీ నోటికి నెల్లూరే వస్తుంది. హైవే ఎక్కి దక్షిణంగా పోతే చెన్నై ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. మా మొలగొలుకుల బియ్యానికి, మందు కొట్టని వంకాయకి, గోంగూరకి సరైన ధర ఇచ్చే ఇళ్లు ఉన్నది అక్కడే. అదే సరుకు మార్కెట్లో దించితే గుట్టలో కలిసిపోతుంది. మందు కొట్టిన కాయకీ కొట్టని కాయకీ ఒకటే ధర.

అద్దె బండి చాలదా అంటారు. రెండేళ్లు అద్దె బండే పెట్టుకున్నాను. ఒకరోజు తొట్టి దగ్గరికి పోతే గుప్పుమని మందు వాసన. అడిగితే, ముందురోజు పురుగుమందు పెట్టెలు వేశానన్నాడు డ్రైవరు. ఆయన తప్పేం లేదు, ఆయన బతుకుతెరువు అది. కానీ జీవామృతం పోసి, నీమాస్త్రం కొట్టి పెంచిన ఆకుకూరని ఆ తొట్టిలో వేసుకుపోయి, "ఇందులో ఏ మందూ లేదమ్మా" అని ఎట్టా చెప్పేది? సొంత బండి ఉండాలని ఆరోజే అనుకున్నాను.

కొత్త బండి అంటే లక్షల్లో అప్పు. ఎరువుల కొట్లో ఖాతా మూసేయడానికే కదా మనం ఈ దారిలోకి వచ్చింది? మళ్లీ షోరూములో ఖాతా తెరిస్తే ఏం లాభం? అందుకని చేతిలో ఉన్న డబ్బుకి సరిపోయేట్టు, చెన్నై వైపు నుంచి 2018 మోడల్, బి.ఎస్.4 బండి కొన్నాను.

చెన్నై బండి అంటే ఒక జాగ్రత్త. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను అప్పుడూ అక్కడ ఎన్నో బండ్లు మునిగాయి. ఆ బండ్లు కడిగి, రంగేసి అమ్మకానికి వస్తాయి. పైన చూస్తే తెలియదు. సీటు కింద బోల్టులు తుప్పు పట్టాయా, బెల్టు మొత్తం బయటికి లాగితే లోపలి భాగంలో బురద చార ఉందా, ఫ్యూజుల పెట్టెలో పచ్చగా చిలుము ఉందా, ఇవి చూడాలి. కాగితాల్లో ఫారం 29, 30 మీద సంతకాలు, వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 మీద ఎన్.ఓ.సి., ఫైనాన్సు తీరిపోయి ఉంటే ఫారం 35 తీసుకోవాలి. ఛాసిస్ మీద కొట్టిన నంబరూ ఆర్.సి.లో నంబరూ ఒకటేనా అని మీ కళ్లతో మీరే చూసుకోవాలి. బండి పేరు మారిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు కూడా మార్చమని రాయాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

నేను చేసిన తప్పు

ఇవన్నీ చూసుకున్నాను గానీ, బండి ఇంటికొచ్చాక నాలోని చిన్నపిల్లాడు బయటికి వచ్చాడు. వెనక కమాన్ పట్టీలు చెరో రెండు అదనంగా వేయించాను. ముందు ఇనుప గార్డు, పైన ఎల్.ఇ.డి. లైట్ల పట్టీ, వెనక అద్దానికి స్టిక్కరు. మొత్తం పాతిక వేల దాకా అయింది. ఊళ్లో అందరూ బాగుందన్నారు.

మూడో వారం. తెల్లవారుజామున ఆకుకూరలు, బెండకాయలు వేసుకుని బయల్దేరాను. తడ దాటాక బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే తిరుగుతుంది, అందుకోదు. మెకానిక్ వచ్చేసరికి ఎనిమిదైంది. ఆయన ఇంజన్ జోలికే పోలేదు. డీజిల్ ఫిల్టరు కింద ఉండే మర వదులు చేసి డబ్బా పెట్టాడు. డీజిల్ కాదు, సగం గ్లాసు నీళ్లు, తుప్పు కలిసి వచ్చాయి. "పైన పాతిక వేలు పెట్టావు, వందల్లో అయిపోయే ఫిల్టరు మార్చలేదే అన్నా" అన్నాడు నవ్వుతా. నాకు నవ్వు రాలేదు.

ఎండెక్కాక చెన్నై చేరాను. గోంగూర, తోటకూర వాడి తల వేలాడేశాయి. చాలా ఇళ్లవాళ్లు ఏమీ అనలేదు. రెండిళ్లవాళ్లు మాత్రం, "మీ కూరలు మంచివే, కానీ పిల్లలకి కేరేజీ కట్టే టైముకి రాకపోతే మాకు కుదరదు" అని మానేశారు. మూడేళ్లుగా కొంటున్న ఇళ్లు అవి. పంటలో తేడా వచ్చి వాళ్లు మానలేదు, నేను ఫిల్టరు మార్చనందుకు మానారు.

ఆ రోజు తిరిగొస్తూ దారి పొడుగునా ఒకటే ఆలోచన. కొత్తగా ప్రకృతి వ్యవసాయంలోకి వచ్చినవాళ్లకి నేను ఏం చెప్తుంటాను? ముందు నేలని చెడగొట్టే పనులు ఆపు. తర్వాత నేలకి కావలసిన తిండి పెట్టు. కొత్త పంటలు, కొత్త ప్రయోగాలు ఆ తర్వాత. ఈ మాట పొలంలో చెప్తాను, బండి దగ్గరికొచ్చేసరికి మర్చిపోయాను. పాత బండికి మెరుగులు దిద్దడం కంటే ముందు దాని అరుగుదలని ఆపాలి. నా అభిప్రాయం ఇదే.

ముందు చేయాల్సినవి

పాత బండి కొంటే ముందటి ఓనరు చెప్పిన సర్వీసు లెక్క నమ్మొద్దు. ఇంజన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, డీజిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, కూలెంటు, బ్రేక్ ఆయిలు అన్నీ ఒకసారి మార్చి, ఆ రోజు మీటరు రీడింగు డోరు లోపల రాసి పెట్టుకోండి. మీ లెక్క అక్కడి నుంచి మొదలు. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజన్ అయితే అదీ చూపించండి. అది తెగితే బాధ వేలతో పోదు.

డీజిల్ ఫిల్టరు కింద నీళ్లు నేనిప్పుడు పదిహేను రోజులకోసారి వదులుతున్నాను. ట్యాంకు సగం ఖాళీగా వదిలేస్తే లోపలి గాలిలోని తేమ నీళ్లుగా దిగుతుంది. మా సముద్రపు గాలిలో తేమ ఇంకా ఎక్కువ. అందుకే రాత్రి పెట్టేటప్పుడు ట్యాంకులో డీజిల్ బాగానే ఉండేట్టు చూసుకుంటాను.

రేడియేటర్లో బోరు నీళ్లు పోయొద్దు. మా వైపు చాలా బోర్లు ఉప్పన. ఆ నీళ్లు కాగితే లోపల పొక్కు కట్టి, సన్న గొట్టాలు మూసుకుపోతాయి. ఇంజన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోయేదాకా మనకి తెలియదు. కూలెంటు, శుద్ధి చేసిన నీళ్లు తప్ప ఇంకేదీ వద్దు.

ఇంక తుప్పు. ఇటు పులికాట్, అటు సముద్రం. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలో నుంచే పోతుంది. అటు పోయొచ్చిన రోజు బండి కింది భాగం మంచినీళ్లతో కడగాలి. మన రైతులకి ఇంకో తుప్పు కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. గోమూత్రం. డ్రమ్ములు ఒలికి తొట్టి రేకు మీద నిలిస్తే, రంగు లేచినచోట ఇనుముని తినేస్తుంది. తొట్టిలో రబ్బరు మ్యాటు వేసి, డ్రమ్ములు దించిన రోజే మ్యాటు ఎత్తి కడగండి. నీళ్లు పోయే రంధ్రాల్లో మట్టి లేకుండా పుల్లతో గుచ్చండి.

లోడు సంగతి. 200 లీటర్ల జీవామృతం డ్రమ్ము, పేడ, బెల్లం, పిండి, డ్రమ్ము బరువు అన్నీ కలిపి 220 కిలోల దాకా తూగుతుంది. 1.3 టన్నుల బండికి ఆరు డ్రమ్ములతోనే లెక్క అయిపోతుంది. సగం నింపిన డ్రమ్ములు ఇంకా ప్రమాదం, మలుపులో నీళ్లు ఒక పక్కకి ఒరిగి బండిని లాగేస్తాయి. నింపితే నిండా నింపి, తాడు బిగించండి.

మా వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. బ్రేకులు, వైపర్లు, టైర్లు, బ్యాటరీ, వైర్లు సెప్టెంబరులోనే చూపించుకోవాలి. మన బండి రవాణా బండి కాబట్టి ఎఫ్.సి. కూడా గుర్తుంచుకోండి. ఎనిమిదేళ్లు నిండేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా.

నేను ఒప్పుకోని రెండు పనులు

ఇ.జి.ఆర్. మూసేస్తే మైలేజీ వస్తుందన్నా, అర గంట పని అని నాకు ఇద్దరు చెప్పారు. ఇ.జి.ఆర్. అంటే పొగలో కొంత భాగాన్ని మళ్లీ ఇంజన్లోకి పంపి, మంట వేడి తగ్గించి, నైట్రోజన్ ఆక్సైడ్లని తగ్గించే ఏర్పాటు. బి.ఎస్.6 బండ్లకి మసిని పట్టే డి.పి.ఎఫ్. ఉంటుంది, దాన్ని కూడా పీకేయమంటారు. డీజిల్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. పక్క పొలంలో మందు కొడితే గాలికి మన పొలంలోకి వస్తుందని గొడవ పడతాం. మన బండి పొగ బస్టాపులో నిలబడిన బడి పిల్లల ముఖాన కొడితే అది న్యాయమా? మూసుకుపోయిన ఇ.జి.ఆర్.ని శుభ్రం చేయించాను, అంతే.

రెండోది పాత ఇంజన్ ఆయిలు. తుప్పు పట్టకుండా బండి కింద కొడతారు, చెదలకి కంచె గుంజలకి పూస్తారు, మిగిలింది గట్టు మీద పారబోస్తారు. రబ్బరు బుష్షులు పాడవుతాయి, పైగా అది బొట్టు బొట్టుగా మన నేలలోకే దిగుతుంది. 2016 నాటి నియమాల ప్రకారం పాత ఆయిలు ప్రమాదకర వ్యర్థం. అది అనుమతి ఉన్న రీసైక్లింగ్ వాళ్లకే చేరాలి. వానపాము కోసం యూరియా మానేసి, అదే వానపాము మీద నల్ల ఆయిలు పోస్తామా? ఆయిలు గ్యారేజీలోనే మార్పించండి, పాత ఆయిలు ఎవరికి ఇస్తారో అడగండి. తుప్పుకి అండర్ బాడీ కోటింగు వేయించండి, ఖర్చయినా సరే.

ఏ అప్‌గ్రేడు దండగ, ఏది పనికొస్తుంది

అదనంగా వేసిన పట్టీలు తీయించేశాను. పట్టీలు పెంచినంత మాత్రాన ఆర్.సి.లో లోడు పెరగదు. బరువు తక్కువ ఉన్నప్పుడు బండి ఎగిరెగిరి పడి, అడుగు క్రేట్లలో టమాటాలు చితికేవి. ముందు గార్డు కూడా తీసేశాను. అలాంటి గార్డులు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52కి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకి రాసింది. పై లైట్ల పట్టీ ఇప్పుడు మా పాకలో వెలుగుతోంది. ఆవులు దాన్ని మెచ్చుకున్నట్టే ఉన్నాయి.

డబ్బు పెట్టి సంతోషించినవి నాలుగు. తొట్టి మీద ఇనుప ఫ్రేము వేసి, గాలి ఆడేట్టు షేడ్ నెట్టు, దాని పైన టార్పాలిను. ప్లాస్టిక్ క్రేట్లు. నాలుగు మంచి టైర్లు. వెనక, పక్కల మెరిసే రిఫ్లెక్టర్ పట్టీలు. తెల్లారకముందు హైవే మీద లారీల మధ్య పోయేవాళ్లకి ఆ చివరిది ప్రాణాలు కాపాడే ఖర్చు.

ఇంక "డీజిల్ బండి ఏందన్నా" అన్నవాళ్లకి. మీరన్నది తప్పు కాదు. డీజిల్ డీజిలే, గోమూత్రం చల్లితే పవిత్రం అయిపోదు. ఎలక్ట్రిక్ బండి నా చేతికి అందే రోజు వస్తే మారతాను. అప్పటిదాకా నా చేతిలో ఉన్నది చేస్తున్నాను. మందు వేయని ముగ్గురు రైతుల సరుకు ఒకే బండిలో వేస్తున్నాం, వారానికి రెండే ట్రిప్పులు, తిరుగు ప్రయాణంలో ఊరి వాళ్లకి కావలసిన సామాను. ఖాళీ బండి రోడ్డెక్కదు.

మానేసిన రెండిళ్లలో ఒక ఇంటి అమ్మ పోయిన నెల మళ్లీ ఫోన్ చేసింది. "ఇప్పుడు టైముకి వస్తున్నావంట కదా, గోంగూర రెండు కట్టలు పెట్టు నాయనా" అంది. రెండో ఇంటివాళ్లు ఇంకా చేయలేదు.

ఫిల్టరు నీళ్లు ఎట్టా వదలాలో వీడియోలో మెల్లగా చూపించాను. ఐదు నిమిషాల పని. ఈ ఆదివారం పొలం పనయ్యాక మీ బండిది కూడా ఒకసారి వదిలి చూడండి. ఉంటాను మరి.