మూత సరే, తాళం వద్దు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మంగళగిరి దాటి పెద్ద ఊళ్లకు వెళ్లినప్పుడు మెట్రో, రైల్వే స్టేషన్ల గోడమీద ఎర్రపెట్టె కనిపిస్తే ఆగి చూడండి. మంటలు కనబడితే నొక్కాల్సిన ఫైర్ అలారం అది. ఆకతాయిలు ఊరికే నొక్కకుండా దానికి ప్లాస్టిక్ మూత పెడతారు. బ్రిటన్‌లో 2017లో సవరించిన ప్రమాణాలూ మూత ఉండాలనే చెప్పాయి.

మంచిదే. ఉత్తుత్తి మోతలకు అలవాటుపడ్డ జనం నిజమైన మోతకు కదలరు. రైలు గొలుసు ఊరికే లాగితే 1989 రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంతేగాని గొలుసుకు తాళం వేయలేదే!

ఇదీ అంతే. మూత వేలితో ఎత్తగానే లేవాలి. చదువురాని మా అమ్మకు కూడా అర్థమయ్యేలా దానిమీద బొమ్మ ఉండాలి. ఇంట్లో తొలిసారి చదువుకున్న మనం మనవాళ్లకు ఆ పెట్టె చూపించి చెప్పాలి. ఆ పని ఈ సెలవుల్లోనే మొదలుపెడదాం!