సైకిలా? బస్సా? మోటారు బండా?

సైకిలు, బస్సు, మోటారు సైకిలు – ఈ మూడింటిలో ఏది వేగంగా పోతుంది? "ఇదీ ఒక ప్రశ్నేనా? మోటారు సైకిలు, తరవాత బస్సు, అన్నిటికన్నా వెనక సైకిలు" అని మీరు వెంటనే అంటారు. నిజమే. కాని ప్రశ్నను కొంచెం మార్చి చూడండి. మీ ఇంటి గడప దాటింది మొదలు తరగతి గది గడప తొక్కేవరకు, దేనిమీద పోతే తక్కువ సమయం పడుతుంది? ఇప్పుడు జవాబు అంత తేలిక కాదు. మొదటి ప్రశ్న యంత్రం వేగాన్ని గురించి. రెండోది మీ ప్రయాణాన్ని గురించి. ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మనం కొన్ని తప్పు నిర్ణయాలు చేస్తున్నామని నా అభిప్రాయం. అదెలాగో చూద్దాం.

పల్నాడునే తీసుకుందాం. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్య పట్టణంగా ఇది జిల్లా అయింది. చిన్న ఊరి పిల్లలు చాలామందికి ఉన్నత పాఠశాల సొంత ఊళ్ళో ఉండదు. పక్కనున్న పెద్ద ఊరికి పోవాలి. పై చదువులకు మాచర్లో, గురజాలో, నరసరావుపేటో పోవాలి. నడికుడి నుంచి గురజాల మీదుగా మాచర్లకు రైలు మార్గం ఉంది గాని, రైలు మన బడి గంట చూసుకుని రాదు. కనుక రోజూ బడికి పోయేవాళ్ళకు మిగిలేవి కాళ్ళు, సైకిలు, బస్సు, ఆటో, ఇంట్లో ఉంటే మోటారు బండి.

ఒక చిన్న లెక్క వేద్దాం. బడి 4 కి.మీ. దూరంలో ఉందనుకోండి. సంచీ తగిలించుకుని పల్లె రోడ్డు మీద తొక్కే పిల్లవాడి సైకిలు గంటకు 12 కి.మీ. పోతుందనుకుందాం. అంటే కిలోమీటరుకు 5 నిమిషాలు. ఎక్కేవాళ్ళకూ దిగేవాళ్ళకూ ఆగుతూ పోయే బస్సు గంటకు సగటున 30 కి.మీ. పోతుందనుకుందాం. అంటే కిలోమీటరుకు 2 నిమిషాలు. 4 కి.మీ. దూరానికి సైకిలుకు 20 నిమిషాలు, బస్సుకు 8 నిమిషాలే!

బస్సు గెలిచిందా? తొందరపడకండి. ఇంటి నుంచి బస్సు ఆగే చోటికి నడక 6 నిమిషాలు. తప్పిపోకూడదని ముందుగా పోయి నిలబడ్డందుకు 15 నిమిషాలు. దిగిన చోటు నుంచి బడికి నడక 3 నిమిషాలు. మొత్తం 24. దానికి బస్సులో గడిపిన 8 కలిపితే 32 నిమిషాలు. సైకిలు మీద బయలుదేరినవాడు 12 నిమిషాల ముందే బడికి చేరి, కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ ఉంటాడు. కుందేలు, తాబేలు కథలో కుందేలు ఓడింది పరుగు చాలక కాదు కదా, మధ్యలో ఆగిపోయినందుకు. బస్సు సంగతీ అంతే.

మరి బస్సు ఎప్పుడు గెలుస్తుంది? ప్రతి కిలోమీటరుకూ బస్సు సైకిలు కంటే 3 నిమిషాలు ఆదా చేస్తుంది. మొదట పోగొట్టుకున్న 24 నిమిషాలు రాబట్టుకోవాలంటే 24ను 3తో భాగించండి: 8 కి.మీ. అంతకు తక్కువ దూరమైతే సైకిలు ముందు, అంతకు మించితే బస్సు ముందు. నిరీక్షణ 15 నిమిషాలు కాక 3 నిమిషాలే అయితే ఈ హద్దు 4 కి.మీ.కు దిగుతుంది. చూశారా! బస్సు ఇంజను మార్చనక్కరలేదు, వేగం పెంచనక్కరలేదు. వేళకు వస్తే చాలు, ఈ హద్దు సగానికి సగం తగ్గుతుంది. నరసరావుపేట నుంచి గుంటూరుకు సుమారు 45 కి.మీ. అక్కడికి రోజూ సైకిలు మీద పొమ్మని ఎవరూ చెప్పరు. అది బస్సుకో రైలుకో తగిన దూరం.

ఇందులో ఇంకో సంగతి ఉంది. సైకిలు ప్రయాణం ఇవాళ 20 నిమిషాలైతే రేపు 19, ఎల్లుండి 22. బస్సు ప్రయాణం ఒకరోజు 20, ఒకరోజు 60. సగటు తీస్తే పరవాలేదనిపించవచ్చు. కాని ఏ రోజు ఆలస్యం అవుతుందో ముందు తెలియదు కనుక, మీరు ప్రతిరోజూ ఆ చెడ్డ రోజును దృష్టిలో పెట్టుకునే బయలుదేరతారు. అంటే ఆలస్యం జరగని రోజున కూడా దానికి మూల్యం చెల్లిస్తున్నారన్న మాట. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో 'స్త్రీ శక్తి' పేరుతో స్త్రీలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. మంచి పని. కాని ఛార్జీ సున్నా అయినంత మాత్రాన నిరీక్షణ సున్నా కాదు. ఆడపిల్లల గంటలకు కూడా విలువ ఉంది.

గడప నుంచి గడపకు లెక్కపెట్టినప్పుడు ఎంత వింత జరుగుతుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక పందెం చాలు. 2011 జూలైలో లాస్ ఏంజిలిస్ నగరంలో ఒక పెద్ద రహదారిని నిర్మాణ పనుల కోసం ఒక వారాంతంలో మూసివేశారు. ఆ సందర్భంలో ఒక విమాన సంస్థ బర్బాంక్ నుంచి లాంగ్ బీచ్‌కు ప్రత్యేక విమానాలు నడిపింది. దూరం సుమారు 60 కి.మీ. కొందరు సైకిలు వీరులు దానితో పోటీకి దిగారు. అందరూ ఒకేసారి ఇంటి దగ్గర బయలుదేరారు. సైకిళ్ళవాళ్ళు గంటా 34 నిమిషాల్లో గమ్యం చేరారు. విమానం ఎక్కినవాళ్ళు వాళ్ళ తరవాత ఎంతోసేపటికి గాని రాలేదు! నగర రైలెక్కి, మిగిలిన దూరం నడిచిన మనిషి కూడా విమానం కంటే ముందే వచ్చాడు. విమానం ఆకాశంలో ఉన్నది కొద్దిసేపే. విమానాశ్రయానికి పోవడం, తనిఖీలు, ఎదురుచూపులు, దిగాక మళ్ళీ రోడ్డు ప్రయాణం – ఇవన్నీ కాలాన్ని మింగేశాయి.

"సరే, మోటారు బండికి ఎదురుచూపు లేదు కదా?" అంటారు. నిజమే. గంటకు 40 కి.మీ. పోయే బండి 4 కి.మీ.లను 6 నిమిషాల్లో దాటుతుంది. బయటికి తీయడానికి, నిలపడానికి మరో 2 నిమిషాలు వేసుకున్నా 8. సైకిలు 12 నిమిషాలు వెనక. కాని ఆ 12 నిమిషాలను మనం ఎంతకు కొంటున్నాం?

ఇవాన్ ఇలిచ్ అనే ఆలోచనాపరుడు 1970లలో ఒక విచిత్రమైన లెక్క వేశాడు. అమెరికావాసి కారులో గడిపే గంటలకు, ఆ కారుకు కావలసిన డబ్బు సంపాదించడానికి పనిచేసే గంటలను కూడా కలిపాడు. ఏడాదికి 1,600 గంటలు తేలింది. తిరిగిన దూరం 7,500 మైళ్ళు. అంటే గంటకు 5 మైళ్ళు కూడా లేదు!

ఆ పద్ధతిలో మన లెక్క మనం వేద్దాం. ఒక మోటారు సైకిలు 90,000 రూపాయలు, 9 ఏళ్ళు వస్తుందనుకోండి. ఏడాదికి 10,000. పెట్రోలు, బీమా, మరమ్మతులు కలిపి మరో 20,000. మొత్తం 30,000 రూపాయలు. రోజుకు 8 గంటలు పనిచేసి 500 రూపాయలు తెచ్చుకునే కూలికి ఇది 60 రోజుల కష్టం, అంటే 480 గంటలు. అతను ఏడాదికి 7,500 కి.మీ. తిరిగితే, గంటకు 40 కి.మీ. చొప్పున బండి మీద గడిపేది సుమారు 188 గంటలు. రెండూ కలిపితే 668 గంటలు. 7,500ను 668తో భాగించండి. గంటకు సుమారు 11 కి.మీ.!

ఇప్పుడు సైకిలు. 6,000 రూపాయల సైకిలు 6 ఏళ్ళు వస్తుందనుకుంటే ఏడాదికి 1,000. పంచర్లకు, టైర్లకు మరో 500. ఇది 3 రోజుల కూలి, అంటే 24 గంటలు. అదే దూరాన్ని గంటకు 12 కి.మీ. చొప్పున తొక్కితే 625 గంటలు. మొత్తం 649. వేగం గంటకు 11.5 కి.మీ. పైమాటే! అయితే రోజుకు 2,000 రూపాయలు సంపాదించే మనిషికి బండి ఖర్చు 15 రోజుల పని మాత్రమే. అతని మోటారు సైకిలు నిజంగా గంటకు 24 కి.మీ. పోతుంది. బండి ఒక్కటే, రోడ్డు ఒక్కటే. జేబును బట్టి వేగం మారిపోయింది.

మోటారు సైకిలు పనికిరాని వస్తువని నేను అనడం లేదు. జబ్బుచేసిన మనిషిని ఆసుపత్రికి చేర్చడానికి, ఇద్దరు కలిసి దూరం పోవడానికి అది కావాలి. కాని తొమ్మిదో తరగతి కుర్రవాడు 12 నిమిషాల కోసం నాన్న బండి తీయడం వేరే సంగతి. గేరు బండి నడపాలంటే 18 ఏళ్ళు నిండి లైసెన్సు ఉండాలి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు శిక్ష పడవచ్చు; ఆ కుర్రవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. చట్టం సంగతి అలా ఉంచండి. పోయిన ప్రాణాన్ని ఏ జరిమానా తిరిగి తేదు.

సైకిలును పేదవాడి బండి అని చిన్నచూపు చూడడం నాకు నచ్చదు. 1885లో స్టార్లీ తయారుచేసిన 'రోవర్' సైకిలు, 1888లో డన్‌లప్ కనిపెట్టిన గాలి టైరు – ఈ రెండూ కలిసి ఇప్పటి సైకిలుకు రూపం ఇచ్చాయి. నడిచే మనిషికి కిలోమీటరుకు ఎంత శక్తి ఖర్చవుతుందో అందులో సుమారు ఐదో వంతుతోనే సైకిలు మీద పోవచ్చునని 1973లో విల్సన్ అనే ఆక్స్‌ఫర్డ్ ఇంజనీరు లెక్కకట్టాడు. శరీర బరువుతో పోల్చి చూస్తే, ఆయన లెక్కల్లో ఏ జంతువూ, ఏ యంత్రమూ సైకిలెక్కిన మనిషికి సాటి రాలేదు.

ఈ చిన్న యంత్రం చదువునే నిలబెట్టగలదు. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు దాని ఫలితాన్ని పరిశీలించి 2017లో ప్రకటించారు. ఉన్నత పాఠశాలలో చేరిన ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్యనున్న తేడా 40 శాతం తగ్గింది. బడికి 3 కి.మీ., అంతకు మించి దూరంలో ఉన్న ఊళ్ళలోనే ఈ మార్పు ఎక్కువ. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ గత దశాబ్దంలో 'బడికొస్తా' పేరుతో ఆడపిల్లలకు సైకిళ్ళు పంచారు. బస్సు తప్పిపోయిందని, తోడు లేదని బడి మానేసే అమ్మాయికి కొన్ని నిమిషాలు ఆదా కావడం కాదు, చదువే మిగులుతుంది.

ఇక అభ్యంతరాలు. మొదటిది ఎండ. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతటికీ తెలుసు. ఒంటిపూట బడి వదిలాక మిట్టమధ్యాహ్నం 4 కి.మీ. తొక్కడం ఆషామాషీ కాదు. తలకు గుడ్డ, సీసాలో నీళ్ళు, దారిలో నీడపట్టున కాసేపు ఆగడం తప్పనిసరి. వడగాడ్పు రోజుల్లో బస్సే మేలు. రెండోది లారీలు. పెద్ద రోడ్డు మీద వెనక నుంచి దూసుకువచ్చే లారీ ముందు సైకిలుకు రక్షణ లేదు. ఈ భయం నిజమైనది. కాని దానికి మందు సైకిలు మానడం కాదు, రోడ్డు అంచున సైకిలుకు చదునైన చోటు ఉంచడం. రోడ్డు వేసేటప్పుడు లారీ వెడల్పు లెక్కలోకి వస్తుంది. బడిపిల్ల సైకిలు ఎందుకు రాకూడదు?

అసలు సైకిలుకూ బస్సుకూ పోటీ పెట్టనక్కరలేదు, జత కట్టవచ్చు. 15 నిమిషాల్లో గంటకు 5 కి.మీ. నడిచే మనిషి 1.25 కి.మీ. పోతాడు, సైకిలు మీద 3 కి.మీ. పోతాడు. వృత్త వైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కదా! అంటే ఒక బస్సు స్టాపు దాదాపు ఆరు రెట్ల ప్రాంతానికి అందుబాటులోకి వస్తుంది. దానికి కావలసిందల్లా స్టాపు దగ్గర తాళం వేసుకోవడానికి వీలైన ఒక సైకిలు స్టాండు, పైన ఒక రేకు.

నేను పైన వాడినవి లెక్క కోసం అనుకున్న అంకెలు. వాటిని గుడ్డిగా నమ్మకండి. మీ ఊరి అంకెలు మీరే కొలవండి. మీ తరగతిలో బస్సుకు వచ్చేవాళ్ళు, సైకిలు మీద వచ్చేవాళ్ళు, నడిచి వచ్చేవాళ్ళు, ఆటోలో వచ్చేవాళ్ళు వేరువేరుగా జట్లు కట్టండి. రెండు వారాలపాటు ఇల్లు వదిలిన సమయం, ఎదురుచూసిన సమయం, తరగతిలో అడుగుపెట్టిన సమయం నోటు పుస్తకంలో రాయండి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా దూరం, నిలువుగా నిమిషాలు గుర్తించండి. సైకిలు గీత సున్నా దగ్గర మొదలవుతుంది. బస్సు గీత ఎదురుచూపూ నడకా కలిపినంత ఎత్తున మొదలవుతుంది. ఆ రెండు గీతలు ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఖండించుకుంటాయో చూడండి. దాన్ని ప్రధానోపాధ్యాయులకూ, పంచాయతీ పెద్దలకూ, బస్సు డిపో మేనేజరు గారికీ చూపించండి. "బస్సు ఆలస్యంగా వస్తోందండీ" అని చెబితే వినీ విననట్టు ఊరుకోవచ్చు. రెండు వారాల కొలతలు ముందు పెడితే జవాబు చెప్పక తప్పదు.