ఆధార్ ఫోన్‌లోనా, పెట్టెలోనా?



ఆధార్, పాస్‌బుక్కు ఫోన్‌లో ఉంటే భద్రమా, ఇంట్లో పెట్టెలో ఉంటే భద్రమా అని గ్రూపులో వాదన నడుస్తోంది కదా. కాగితమే మేలని మేమూ అనుకునేవాళ్లం. మొన్న రామనగరంలో గూళ్లు అమ్మి, పెళ్లి చీరలకని బెంగళూరు చిక్కపేటకు వెళ్లాం. అక్కడ బజ్జీలు చుట్టిచ్చిన కాగితం చూస్తే ఎవరిదో ఆధార్ జిరాక్సు! పేరు, నంబరు, అడ్రసు అన్నీ ఉన్నాయి. ఆ మనిషి అసలు కార్డు మాత్రం ఇంట్లో పెట్టెలో భద్రంగానే ఉండి ఉంటుంది.

అలాగని ఆన్‌లైన్‌నూ నమ్మలేం. 2018లో తెలంగాణలో ఒకడు రిజిస్ట్రేషన్ వెబ్‌సైట్‌లోని భూమి పత్రాల నుంచి వేలిముద్రలు తీసి, నకిలీ ముద్రలు చేసి, సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. రైతు కాగితం మీద వేసిన ముద్రే ఆన్‌లైన్‌లో దొంగకు దొరికింది.

అందుకే మేం చెప్పేది ఒకటే. ఎక్కడ దాచామన్నది కాదు, ఎన్ని కాపీలు బయటికి వదిలామన్నదే ముఖ్యం. షెడ్డు చుట్టూ ఎంత మంచి వల కట్టినా, ఊజీ ఈగకు ఒక్క సందు చాలు.

గ్రూపుల్లో ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు పెట్టకండి. జిరాక్సు ఇస్తే ఎందుకిస్తున్నారో, తేదీతో సహా దానిపై అడ్డంగా రాయండి. ఒప్పుకునే చోట చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఎమ్‌ఆధార్ యాప్‌లో వేలిముద్రలకు లాక్ వేయండి, అవసరమైనప్పుడు తీసుకోవచ్చు. ఖాతాలో డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

నెల కష్టం పడేది ఆ ఖాతాలోనే, మరవొద్దు.