భోజనానికీ కాఫీకీ మధ్యలో మనం

కాస్త పెద్ద పోస్టు. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మొన్న మా మండలం నుంచి కొత్తగా డిగ్రీలో చేరిన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఆదివారం సెలవు. వైజాగులో చూడ్డానికి ఏటేటి ఉన్నాయి?" అని అడిగాడు. నాకు వెంటనే నోట మాట రాలేదు. ఆరేళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. కాంప్లెక్సు, పెద్దాసుపత్రి, కోచింగ్ సెంటర్, సర్టిఫికెట్ల కోసం తిరిగిన ఆఫీసులు, హాస్టలు. నాకు తెలిసిన వైజాగ్ అంతే. సముద్రం కూడా మొదటిసారి పరీక్ష రాసి వస్తూ దారి తప్పితే చూశాను.

తమ్ముడికి చెప్పాలి కదా అని ఒక ట్రావెల్స్ షాపులో కాగితం తెచ్చుకున్నాను. "వైజాగ్‌లో చూడదగ్గవి" అని పెద్దక్షరాల్లో ఉంది. బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి, సింహాచలం, రుషికొండ. కింద "అరకు వన్ డే ప్యాకేజీ". ఉదయం టిఫిన్, బొర్రా గుహలు, మధ్యాహ్నం భోజనం, గిరిజన నృత్యం, కాఫీ, తిరుగు ప్రయాణం. భోజనానికీ కాఫీకీ మధ్యలో మనం. ఒక ఐటం. అరగడానికి వేసే సోడా లాగ.

నా కోపం ఆ షాపువాడి మీద కాదు. వాడు అమ్ముడుపోయేది రాశాడు. ఆ కాగితంలో మనం చూసేవాళ్ళం కాదు, చూపించబడేవాళ్ళం. దాన్ని మనమే ఇన్నాళ్ళూ ఒప్పుకుని కూర్చున్నాం. నా గొడవంతా అదే.

మొదటి సంగతి. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా వచ్చింది. అరకు, అనంతగిరి, లంబసింగి ఇప్పుడు ఆ జిల్లాలో ఉన్నాయి. కాగితాల మీద జిల్లా మారింది గానీ టూరిజం కాగితం మీద మన కొండలు ఇంకా వైజాగ్ వాళ్ళ పెరడే. పొద్దున్న వచ్చి, సాయంత్రం వెళ్ళిపోయి, ప్లాస్టిక్ మాత్రం వదిలేసే పెరడు.

రెండోది. బొర్రా గుహల్ని 1807లో ఒక తెల్లదొర "కనిపెట్టాడు" అని ఎక్కడ చూసినా రాస్తారు. మరి ఆవు గుహలో పడిపోతే వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరి కథ ఎవరిది? లోపల శివుడికి మొక్కుతూ వచ్చినవాళ్ళెవరు? కాపరి దిగితే కథ, దొర దిగితే చరిత్ర. ఇదెక్కడి లెక్క?

ఆ గుహల్లోంచే గోస్తనీ నది వస్తుంది. కిందికి దిగి తాటిపూడి రిజర్వాయరు నింపుతుంది. ఆ నీళ్ళు వైజాగుకి మంచినీళ్ళు. అక్కణ్ణుంచి వెళ్ళి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అంటే నగరం గ్లాసులో మన కొండ నీళ్ళున్నాయి. అద్దాల బోగీ ఎక్కి అరకు వచ్చేవాళ్ళు సొరంగాలు చూసి కేకలు వేస్తారు. ఆ కొత్తవలస-కిరండూల్ లైను వాళ్ళ షికారు కోసం వేసింది కాదు, 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని వైజాగ్ పోర్టుకు దించడానికి వేసింది. ఈ ఊరికి మనం చుట్టాలం కాదు, సగం పునాది. అయినా ఈ ఊళ్ళో తల వంచుకుని నడుస్తాం.

మూడోది థింసా. చైత్రమాసంలో ఇటుకల పండగకీ, పెళ్ళిళ్ళకీ మన ఆడవాళ్ళు చేతులు వెనక్కి పెట్టి ఒకరినొకరు పట్టుకుని ఆడతారు. మోరి, కిరిడి, తుడుము, డప్పు, జోడుకొమ్ములు మోగితేనే అడుగు పడుతుంది. ఆ పట్టులో ఊరి మాట ఉంది, ఒకరు తూలితే పక్కవాళ్ళు ఆపుతారు. నేను డిగ్రీలో ఉండగా వార్షికోత్సవానికి ముందురోజు ఒక సారు పిలిచి, "మీవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఆ డ్యాన్స్ వేసేయండి, చీరలు అద్దెకు తెప్పిస్తాం" అన్నారు. వేశాం. స్పీకర్లో సినిమా పాట, ఒంటి మీద ఎవరిదో కట్టు. చప్పట్లు బాగానే వచ్చాయి. మర్నాడు క్లాసులో అదే స్నేహితులు మమ్మల్ని పేరు పెట్టి కాకుండా ఆ డ్యాన్స్ పేరుతో పిలిచారు. తప్పు వాళ్ళదే అనను. సరేనన్నది నేనే.

ఇక్కడ కొందరు అన్నలు అడుగుతారు: "టూరిజం లేకపోతే మనవాళ్ళు ఏం తింటారు? బొంగులో చికెన్ అమ్ముకునేవాళ్ళు, జీపు తోలుకునేవాళ్ళు, గుహల్లో గైడ్లుగా చేసే కుర్రాళ్ళు ఏమైపోవాలి?" న్యాయమైన ప్రశ్న. మా పెదనాన్న కొడుకు కూడా సీజన్లో రోడ్డు పక్కన బొంగు కాలుస్తాడు, ఆ డబ్బుతోనే చెల్లి ఫీజు కట్టాడు. అందుకే టూరిజం వద్దని నేననను. ఎవరి షరతు మీద అన్నదే నా ప్రశ్న. పొగ మనకీ, రిసార్టు వేరేవాళ్ళకీ అయితే అది ఉపాధి కాదు, కూలి.

షరతు పెట్టే హక్కు మనకుంది. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు మన అనంతగిరి మండలం నుంచి, బొర్రా చుట్టుపక్కల ఊళ్ళ గొడవ నుంచి పుట్టిందే. షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులకు ప్రభుత్వం కూడా గనుల లీజు ఇవ్వకూడదని చెప్పిన తీర్పు అది. వ్యాపారం చేసేవాళ్ళు నికర లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్ళకీ, బడికీ, ఆసుపత్రికీ పక్కన పెట్టాలన్న మాట కూడా అందులో ఉంది. మరి గుహ టికెట్టుకి ఆ న్యాయం ఎందుకు వర్తించకూడదు? 1/70 చట్టం ఉండగా బినామీ పేర్ల మీద గదులు లేస్తుంటే గ్రామసభలో లేచి అడిగేవాళ్ళెవరు? చదువుకున్న మనం కాకపోతే ఇంకెవరు?

అందుకే నాలుగు పనులు చెబుతున్నాను.

ఒకటి. వైజాగ్ చూడండి. సిగ్గుపడకుండా, టికెట్ కొని, దర్జాగా చూడండి. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఎక్కండి. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, మరుసటేడాది నుంచి మ్యూజియం. లోపల నావికుల పడకలు చూస్తే మన హాస్టల్ గదే నయమనిపిస్తుంది. ఎదురుగానే టీయూ-142 విమానం. భీమిలి బస్సెక్కితే దారిలో తొట్లకొండ, రెండువేల ఏళ్ళనాటి బౌద్ధుల ఆరామం. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు. చివర భీమిలిలో దిగి గోస్తనీ సముద్రంలో కలిసేచోట కాసేపు నిలబడండి. ఆ నీళ్ళు మీ ఊరు దాటి వచ్చినవే.

రెండు. స్టేజీ మీద థింసా ఆడమంటే, ముందు మనలో మనం మాట్లాడుకుందాం. మన వాయిద్యం, మన కట్టు, మన మాటల్లో రెండు నిమిషాల పరిచయం, ఆడేవాళ్ళకి డబ్బు. ఇవి లేకపోతే "కుదరదండీ" అని చెబుదాం. మర్యాదగానే.

మూడు. సెలవులకి ఊరెళ్ళినప్పుడు గ్రామసభకి వెళ్ళండి. టికెట్టులో వాటా, చెత్త బాధ్యత, ఫొటో తీసేముందు అడగడం. ఈ మూడూ తీర్మానంగా రాయించండి.

నాలుగు. ఈ గ్రూపులో మన గైడ్ మనమే రాద్దాం. రంప పోరాటంలో అల్లూరితో నడిచి, అండమాన్ జైలుకెళ్ళొచ్చిన గాం మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచే లోక్‌సభకి గెలిచాడు. ఈ మాట ఏ గైడ్ నోటా నేను వినలేదు. మన గైడ్‌లో మొదటి పేజీ ఆయనది కావాలి.

ఆదివారం తమ్ముణ్ణి నేనే తీసుకెళ్ళాను. సబ్‌మెరైన్ దగ్గర ఒక ఫ్యామిలీ "మీదే ఊరు?" అని అడిగారు. వాడు నా వైపు ఒకసారి చూసి, "అనంతగిరండీ, బొర్రా దగ్గర" అన్నాడు. "ఓ, మేమొచ్చాం అక్కడికి!" అన్నారు వాళ్ళు. వాడు నవ్వి, "ఈసారి వస్తే ఊళ్ళోకి రండి. ముందు చెప్పి రండి" అన్నాడు.

ఆ రెండో మాటే మనందరం నేర్చుకోవాల్సింది. చెప్పి రండి.

మీ మండలం నుంచి ఎవరెవరు ఈ గైడ్ రాస్తారో కింద పేర్లు పెట్టండి. జై ఆదివాసీ.