అడ్రసు సరే, పేరేంటి?

మేం రాసుకున్న లినక్స్ కెర్నెల్ డీబగ్గర్లో సింబల్ వెతికే కమాండొకటి పెడదామన్నాను. సీనియర్ గారు నవ్వేశారు. "సిస్టమ్ మ్యాప్ ఫైలుంది, గ్రెప్ ఉంది, ఇంకేం కావాలయ్యా?" అని.

సార్, ఆ రోజులు పోయాయి. బూటయిన ప్రతిసారీ కెర్నెల్ వేరే అడ్రసులో కూర్చునే పద్ధతి 2014లో 3.14తో వచ్చింది, 2017లో 4.12 నుంచి ఎక్స్86లో అదే డిఫాల్టు. ఇక ఫైల్లో అడ్రసుకీ మెషీన్లో అడ్రసుకీ పొంతనేది? తేడా ఎంతో కనుక్కుని కాయితం మీద తీసేసుకుంటూ కూర్చోవాలి. అర్ధరాత్రి హెక్సాలో ఒక్క అంకె తప్పి, పాపం ఏ తప్పూ చేయని పక్క ఫంక్షన్ని తెల్లారేదాకా తిట్టుకున్నవాణ్ణి నేను.

పోనీ, ఆ కమాండేమన్నా బ్రహ్మవిద్యా? అడ్రసిస్తే దానికి ముందున్న దగ్గరి సింబల్ పేరు, అక్కణ్ణుంచి ఎన్ని బైట్లో చెప్పాలి, అంతే! పేర్ల పట్టిక మా కెర్నెల్లోనే ఉంది, ఊప్స్ వచ్చినప్పుడు పేర్లు ప్రింటయ్యేది దాన్నుంచేగా. విన్‌డీబీజీలో 'ఎల్ఎన్', క్రాష్‌లో 'సిమ్' ఉన్నది ఇందుకే.

డీబగ్గర్లు నాకు నచ్చవని 2000లో లినస్ టోర్వాల్డ్సే అన్నాడు, నిజమే. ఆ లినక్సులోనే 2008లో కేజీడీబీ, 2010లో కేడీబీ చేరాయి మరి!

కష్టపడితేనే బుర్ర పదునెక్కుతుందంటారా? ఆ పదునేదో బగ్గు మీద చూపిద్దాం, తీసివేతల మీద కాదు.