బేగంపేటలో దిగిన విమానాలు

నల్లగొండ జిల్లాలో గానీ, మహబూబ్‌నగర్ జిల్లాలో గానీ ప్రయాణికుల విమానాశ్రయం నేటికీ లేదు. దేవరకద్ర ప్రాంతంలోని గుడిబండ వద్ద ఒకటి నిర్మించాలనే ప్రతిపాదన కొన్నేళ్లుగా వినబడుతోంది. నాగార్జునసాగర్ సమీపంలోని చిన్న రన్‌వే కృష్ణకు ఆవలి ఒడ్డున ఉంది. అయినప్పటికీ ఈ రెండు జిల్లాల ముస్లిం కుటుంబాలలో పెద్దవారిని పలకరిస్తే, చాలా ఇళ్లలో పాత విమానాల ముచ్చట్లు వినబడతాయి. వాటిలో ఎక్కువ భాగం బేగంపేటకు చెందినవే.

పాశ్చాత్య దేశాలలో విమానాలను చూడడమే వ్యాపకంగా పెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. కంచె పక్కన నిలబడి, దిగిన ప్రతి విమానం రకాన్నీ, దాని నమోదు సంఖ్యనూ నోటు పుస్తకంలో రాసుకుంటారు. ఫొటోలు తీసి దాచుకుంటారు. మన దగ్గర ఆ వీలు ఉండేది కాదు. 1937 నాటి విమాన నియమాలలో 13వ నియమం అనుమతి లేకుండా విమానాశ్రయంలో ఫొటో తీయడాన్ని నిషేధించింది. కాబట్టి హాజీలను సాగనంపిన రోజున పూలదండలతో ఇంటి ముందు తీసిన ఫొటో దొరుకుతుంది గాని, వారు ఎక్కిన విమానం ఫొటో దొరకదు. అది పెద్దవారి మాటలలోనే మిగిలి ఉంది. వారు వెళ్లిపోతే దానిని చెప్పేవారు ఉండరు.

ఆ మాటలను జాగ్రత్తగా వింటే విమానాన్ని గుర్తుపట్టవచ్చు. సంవత్సరం అడిగితే దాదీ చెప్పలేకపోవచ్చు. లోపల ఎలా ఉండేదని అడిగితే చెబుతారు.

తలుపు నుండి సీటు వరకు ఎత్తు ఎక్కినట్లు నడిచామని చెబితే అది డకోటా. తోక కింద చిన్న చక్రంతో నేలపై కూర్చునే విమానం అది. ముక్కు ఆకాశం వైపు, తోక నేల వైపు ఉండేవి. రెండు ఇంజన్లు, ఇరవై పైచిలుకు మంది ప్రయాణికులు. లోపలి గాలి పీడనాన్ని నిలిపే ఏర్పాటు లేనందున అది మరీ ఎత్తున ఎగరలేకపోయేది. అందుకే పొలాలలోని వారికి కూడా స్పష్టంగా కనిపించేది. హైదరాబాదు నుండి మద్రాసుకు గీత గీస్తే అది దేవరకొండ పరిసరాల మీదుగా పోతుంది. బెంగుళూరుకు గీస్తే జడ్చర్ల, కల్వకుర్తిల నడుమ నుండి పోతుంది. తల ఎత్తి చూసిన పిల్లలకు ఈ రెండు జిల్లాలలో కొదవ లేదు.

బేగంపేటకు డకోటాలను రప్పించినది దక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి 1945లో స్థాపించిన సంస్థ అది. ఎనిమిది విమాన సంస్థలు కాదన్న తర్వాత ప్రేమ్ మాథుర్ అనే మహిళకు పైలట్‌గా అవకాశం ఇచ్చినది కూడా ఆ సంస్థే. మన ఇళ్లలోని అమ్మాయిలకు ఈ సంగతి చెప్పాలని మాకు అనిపిస్తుంది. 1953లో జాతీయీకరణ జరగడంతో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కిటికీలు ఉండేవని చెబితే అది వైకౌంట్ కావచ్చు. ఇండియన్ ఎయిర్‌లైన్స్ దానిని 1957లో తెచ్చింది. నాలుగు ఇంజన్లు, ఈల వేసినట్లుండే శబ్దం. రెక్కలు కిటికీకి పైన ఉండి, కింద భూమి అంతా కనిపించిందంటే అది ఫోకర్ ఫ్రెండ్‌షిప్, 1961 తర్వాతి మాట. చెవులు గింగురుమనిపించిన చిన్న జెట్ అయితే 1970 ప్రాంతం నుండి వచ్చిన బోయింగ్ 737 అనుకోవచ్చు. లోపల నడిచే దారులు రెండు ఉన్నాయంటే 1976 తర్వాతి ఎయిర్‌బస్ ఎ300. మేడ మీదికి మెట్లు చూశామంటే ఎయిర్ ఇండియా 747ను తలచుకోవాలి. అది 1971లో వచ్చింది, గల్ఫ్‌కు పోయినవారిలో చాలామంది బొంబాయి వరకు రైలులో వెళ్లి అక్కడ విమానం ఎక్కినవారే.

ఎ300 గురించి ఒక సంఘటన ఇక్కడ చెప్పక తప్పదు. 1993 నవంబరు 15న మద్రాసు నుండి హైదరాబాదుకు బయలుదేరిన విమానానికి ఇక్కడ దారి కనిపించక దిగడం సాధ్యం కాలేదు. వెనుదిరిగినప్పుడు రెక్కల ఫ్లాపులు మూసుకోనందున ఇంధనం త్వరగా తరిగిపోయింది. చివరకు తిరుపతి సమీపంలో వరి పొలంలో దించారు. లోపల 262 మంది; అల్లాహ్ దయవలన అందరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ సాయంత్రం బేగంపేటలో తమవారి కోసం ఎదురుచూసినవారు ఎవరైనా మీ ఊరిలో ఉంటే వారి మాటలు వినండి.

విమానం ముచ్చట అడిగేటప్పుడు ఒక చిక్కు ఉంది. మన ఇళ్లలో ఓడనూ జహాజ్ అనే అంటాము, విమానాన్నీ జహాజ్ అనే అంటాము. నానా జహాజ్‌లో హజ్‌కు పోయారని విన్న మనుమడు విమానమే అనుకుంటాడు. బొంబాయి నుండి జిద్దాకు మొగల్ లైన్ ఓడలు వారం, పది రోజులు తీసుకునేవి; హజ్ ఓడల ప్రయాణం 1995తో ముగిసింది. పానీ జహాజా, హవాయీ జహాజా అని అడిగితే కథ అంతా మారిపోవచ్చు.

2008 మార్చి 22 అర్ధరాత్రితో బేగంపేటలో ప్రయాణికుల విమానాల రాకపోకలు ఆగిపోయి, శంషాబాద్‌కు తరలాయి. ఇప్పుడు బేగంపేట సైనిక, ప్రముఖుల విమానాలకు, రెండేళ్లకోసారి జరిగే విమాన ప్రదర్శనకు పరిమితమయింది. మహబూబ్‌నగర్ వారికి విమానాశ్రయం దగ్గరయింది. జాతీయ రహదారిపై బస్సు దాని పక్కనుండే పోతుంది. విమానం మాత్రం దూరమయింది. సాగనంపే బంధువులు గాజు తలుపు వద్దనే ఆగిపోతారు. ప్రయాణికుడు సొరంగం వంటి దారిలో నడిచి, తాను ఎక్కినది ఏ విమానమో బయటి నుండి చూడకుండానే సీటులో కూర్చుంటాడు. 2016 మే 13న ప్రపంచంలోనే అతి పెద్దదైన అంతోనోవ్ 225 అదే శంషాబాద్‌లో దిగింది. ఆరు ఇంజన్ల ఆ విమానం 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో ధ్వంసమయింది. దానిని కళ్లారా చూసినవారు కూడా నేడే రాసిపెట్టుకోవాలి.

అటక మీది పెట్టెలో పాత పాస్‌పోర్టులు ఉంటే ముందు వాటిని దించండి. నిష్క్రమణ ముద్రలో తేదీ, ఊరి పేరు ఉంటాయి. అది బొంబాయా, హైదరాబాదా అన్నది చూసి, పెద్దవారి పక్కన కూర్చుని, కిటికీ ఎలా ఉండేదని అడగండి.